సమబలమను సాకు – అమెరికా బేస్‌బాల్ చరిత్ర, ఏడవ భాగము

1879వ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున బఫెలో నగరమున నేషనల్ లీగ్ జట్ల యజమానులు తలుపులు మూసికొని చేసిన తీర్మానముతో వెనుకటి భాగమును ముగించితిని. తీర్మానము చూచుటకు చిన్నది. ప్రతి జట్టును తన ఆటగాండ్రలో అయిదుగురిని తనకై నిలుపుకొనవచ్చును. ఆ అయిదుగురిని తక్కిన జట్లేవియు బేరమునకు పిలువరాదు. వారిలో ఎవడైనను ఒడంబడిక గడువు తీరిన పిమ్మట వేఱొక జట్టు గడప తొక్కినచో ఆ జట్టు వానిని చేర్చుకొనరాదు. ఆటగాండ్రను అడిగినవారు లేరు. తొలుత వారికి చెప్పినవారును లేరు. అప్పటికి లీగ్ పుట్టి మూడేండ్లు. జట్లు ఏటేట అప్పులపాలై మూతపడుచుండెను. వానిని బ్రదికించుటకు జీతములను అణచుట తప్ప మార్గాంతరము లేదని యజమానులు తమలో తాము నిశ్చయించుకొనిరి. ఈ నియమమే కాలక్రమమున అయిదుగురి నుండి పదునొకండుగురకును, అటుపై జట్టు మొత్తమునకును వ్యాపించి, రిజర్వు నిబంధన యను పేర తొంబది యాఱు సంవత్సరములు అమెరికా బేస్‌బాల్‌ను ఏలెను.

జీతములను అణచుటకై పుట్టిన నియమమునకు లోకమెదుట చెప్పుకొనుటకు గౌరవప్రదమైన కారణమొకటి కావలసివచ్చెను. ఆ కారణము జట్ల సమబలము. న్యూయార్కు, షికాగో వంటి మహానగరముల జట్లకు ప్రేక్షకులు అధికము, ఆదాయము అధికము. ఆటగాండ్రు తమ యిచ్చవచ్చిన చోటికి పోగలిగినచో సమర్థులెల్లరును ఆ రెండు మూడు నగరములకే చేరుదురు. చిన్న నగరములు మిగిలినవారితో ఆడి ఓడుచుండును. ఫలితము ముందే తెలిసిన ఆటను చూడ ప్రజలు రారు. కావున ఆటగానిని కట్టివేయుట ఆట మేలుకొఱకే యని వారి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. వర్తకమున పోటీదారు దివాలా తీసినచో పొరుగు అంగడివానికి లాభమే గాని, క్రీడలో ఎదుటివాడు నిలువనిదే తానును నిలువలేడు. ఒకే మల్లుడు గెలుచునని ఊరెల్ల ఎఱిగిన జాతరలో గోదా చుట్టు జనము మూగరు గదా. సమబలము బేస్‌బాల్‌కు ప్రాణమనుట నిజమే. అయితే ఆ ప్రాణమును రిజర్వు నిబంధన కాపాడినదా? ఆ తొంబది యాఱు సంవత్సరముల ఫలితముల పట్టికను, ఆ పిదప వచ్చిన రెండు దశాబ్దముల పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన కొలది, ఆ నిబంధన కాపాడినది యజమానుల ధనపు సంచినే యని నాకు దృఢముగా తోచినది. ఈ భాగమంతయు ఆ విషయముననే వినియోగింపదలచితిని.

ఈ మాటను మొట్టమొదట బిగ్గరగా పలికినవాడు జాన్ మాంట్‌గోమరీ వార్డ్. మొదట బంతి విసరుటలో పేరుగాంచి, పిమ్మట షార్ట్‌స్టాప్ స్థానమున న్యూయార్కు జట్టుకు నాయకుడైన ఈతడు, ఆటలాడుచునే కొలంబియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి పట్టము పొందినవాడు. 1885లో ఆటగాండ్ర సోదరసంఘమును స్థాపించి, 1887లో లిపిన్‌కాట్స్ మాసపత్రికలో బేస్‌బాల్ ఆటగాడు యజమానికి సొత్తా యని ప్రశ్నించుచు ఒక వ్యాసము వ్రాసెను. బానిసత్వమును అంతమొందించిన అంతర్యుద్ధము ముగిసి అప్పటికి ఇరువది రెండేండ్లే. ఆ ప్రశ్న చదువరులకు ఎంత సూటిగా తగిలియుండునో ఊహింపవచ్చును. మఱుసటి యేటి చలికాలమున వార్డ్, ఆల్బర్ట్ స్పాల్డింగ్ నడపిన ప్రపంచయాత్రలో పాల్గొని ఓడనెక్కెను. ఆస్ట్రేలియా మీదుగా వచ్చిన ఆ బృందము కొలంబోలో ఒక ఆట ఆడి, ఈజిప్టు పిరమిడ్ల సన్నిధిని ఇంకొకటి ఆడి, ఐరోపా చేరెను. 1889 తొలిదినములలోనే బేస్‌బాల్ మన దక్షిణదేశమునకు అంత చేరువగా వచ్చిపోయినదనుట మనలో పలువురకు వింతగా తోచును. వార్డ్ సముద్రముల మీద నుండగా, ఇంటివద్ద యజమానులు ఇండియానాపొలిస్ జట్టు అధిపతియగు జాన్ బ్రష్ ప్రతిపాదించిన వర్గీకరణ పద్ధతిని ఆమోదించిరి. ఆ పద్ధతిని అనుసరించి ఆటగాండ్రు ఏ, బీ, సీ, డీ, ఈ యని అయిదు తరగతులు. మొదటి తరగతివానికి ఏటికి 2,500 డాలర్లు, చివరి తరగతివానికి 1,500 డాలర్లు. అంతకు మించి ఇయ్యరాదు. ఆట నైపుణ్యమే గాక మైదానము వెలుపలి నడవడియు తరగతిని నిర్ణయించుటలో లెక్కకు వచ్చును. ఒక మనుష్యుని శ్రమకు వెల కట్టుటలో అతని గుణశీలములను సయితము తామే తూచు అధికారమును యజమానులు ఇట్లు చేజిక్కించుకొనిరి.

తిరిగివచ్చిన వార్డ్ ఊరకుండలేదు. 1890లో ఆటగాండ్రు తమ సొంత లీగ్‌ను, ప్లేయర్స్ లీగ్ అనుదానిని, ఎనిమిది జట్లతో నెలకొల్పిరి; లాభములను పెట్టుబడిదారులును ఆటగాండ్రును పంచుకొనవలెనని ఏర్పాటు. మేటి ఆటగాండ్రలో అధికులు అటు తరలిరి. ప్రజలును పాత లీగ్ కంటె దానినే ఎక్కువగా ఆదరించిరి. కాని మూడు లీగులు ఒకే వేసవిలో ఒకే ప్రేక్షకులకై పోటీపడుటచే అందఱును నష్టపోయిరి. పెట్టుబడిదారులు ఆటగాండ్రను వెలుపల నిలిపి పాత యజమానులతో రాజీ కుదుర్చుకొనిరి. ఆ లీగ్ ఒక్క సంవత్సరముతో అంతరించెను. తరువాతి మూడు దశాబ్దములను త్వరగా దాటవచ్చును. 1901లో అమెరికన్ లీగ్ వచ్చి ఆటగాండ్రను లాగికొనిన రెండేండ్లు జీతములు పెరిగెను, 1903లో ఇరు లీగులకు సంధి కుదిరినంతనే ఆగెను. 1914లో ఫెడరల్ లీగ్ వచ్చి మరల పెరిగెను, అది కూలినంతనే మరల అణగెను. ఆ కూలిన లీగ్‌లోని బాల్టిమోర్ జట్టు తెచ్చిన వ్యాజ్యెములో 1922లో సుప్రీంకోర్టు, జస్టిస్ హోమ్స్ నోట, బేస్‌బాల్ ఆటలు రాష్ట్రముల నడుమ సాగు వర్తకము కావనియు, కావున గుత్తాధిపత్య నిరోధక శాసనము వానికి వర్తింపదనియు తీర్పు చెప్పెను. రైళ్లెక్కి రాష్ట్రములు దాటి దేశమంతట తిరుగుచు లక్షల డాలర్లు గడించు వ్యవహారము రాష్ట్రముల నడుమ వర్తకము కాదట! ఆ తీర్పు అమెరికాలోని పెక్కు పరిశ్రమలకు లేని అభయమును బేస్‌బాల్ యజమానులకు ప్రసాదించెను.

ఇక సమబలమును గూర్చి. ఆటగాడు తనంత తాను పోజాలడు. కాని యజమాని అతనిని అమ్మవచ్చును. ఈ ఒక్క వాక్యములో రహస్యమంతయు నున్నది. 1920 జనవరిలో ప్రకటింపబడిన బేరమున బోస్టన్ రెడ్ సాక్స్ అధిపతి బేబ్ రూత్‌ను 1,00,000 డాలర్లకు న్యూయార్కు యాంకీస్ జట్టుకు అమ్మెను. దానితోపాటు ఫెన్వే పార్కు మైదానమును తాకట్టు పెట్టి 3,00,000 డాలర్లు అప్పు పుచ్చుకొనెను. ఆ రెండు నగరముల భవితవ్యము ఆ బేరముతో తలక్రిందులయ్యెను. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును పోషించిన వృద్ధుడు కానీ మ్యాక్ రెండుమార్లు మహోన్నతమైన జట్లను కూర్చి, రెండుమార్లును ధనాభావముచే తునకలు తునకలుగా అమ్ముకొనెను. మేటి పిచర్ లెఫ్టీ గ్రోవ్ ఆ విధముననే 1933 చివర బోస్టన్ చేరెను. ఫిలడెల్ఫియాలోని రెండవ జట్టు ఫిలీస్ 1915లో లీగ్ పతాకమును గెలిచి, మరల గెలుచుటకు 1950 దాక వేచియుండెను. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు అర్ధశతాబ్దమునకు పైగా ఆడి ఒక్కమాఱు, యుద్ధకాలమున 1944లో, మాత్రమే పతాకమును చూచెను. ఇవన్నియు ఆటగాండ్రు కట్టుబడియున్న కాలముననే జరిగినవి. అదే కాలమున యాంకీస్ ఏమి చేసిరి? 1921 మొదలు 1964 వఱకు నలువది నాలుగేండ్లలో ఇరువది తొమ్మిది లీగ్ పతాకములను, ఇరువది వరల్డ్ సిరీస్‌లను గెలిచిరి. 1949 నుండి 1953 దాక వరుసగా అయిదేండ్లు వరల్డ్ సిరీస్ వారిదే. 1949 మొదలు 1964 దాకగల పదునాఱు సంవత్సరములలో అమెరికన్ లీగ్ పతాకము వారికి తప్పిపోయినది రెండేమార్లు. ఇట్టి ఏకచ్ఛత్రాధిపత్యము నడుచుచుండగనే యజమానులు శాసనసభల ఎదుటను, న్యాయస్థానముల ఎదుటను నిలిచి, ఈ నిబంధన లేనియెడ సమబలము నశించునని చెప్పుచుండిరి.

కాన్సస్ సిటీ కథ ఇంకను విచిత్రమైనది. 1955లో అథ్లెటిక్స్ జట్టు ఫిలడెల్ఫియాను విడిచి కాన్సస్ సిటీకి తరలినది. దానిని కొన్న ఆర్నల్డ్ జాన్సన్ అంతకు ముందు యాంకీ స్టేడియమునకు సొంతదారుగా నుండిన వ్యాపారి. ఆతని కాలమున ఆ జట్టులో ఎవడైన యువకుడు రాణించుటే తడవుగా యాంకీస్ జట్టునకు పోవుటయు, అక్కడ వయస్సు మీఱినవారు ఇక్కడికి వచ్చుటయు ఆచారమైపోయెను. 1959 డిసెంబరులో అట్లు పోయిన రోజర్ మారిస్ 1961లో అఱువది యొక్క హోమ్ రన్లు కొట్టి బేబ్ రూత్ రికార్డును దాటెను. కాన్సస్ సిటీ ప్రేక్షకుడు టిక్కెట్టు కొని పెంచిన చెట్టుకు కాయ న్యూయార్కున కాచెను.

ఈ తీరునంతటిని తర్కబద్ధముగా విడదీసి చూపినవాడు సైమన్ రాటెన్‌బర్గ్ అను అర్థశాస్త్రవేత్త. 1956లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో అతడు ప్రకటించిన పరిశోధన నేటి క్రీడార్థశాస్త్రమునకెల్ల మూలము. అతని యుక్తి సరళమైనది. ఒక ఆటగానివలన న్యూయార్కున ఏటికి లక్ష డాలర్లును, చిన్న నగరమున నలువది వేలును అధికముగా వసూలగుననుకొందము. ఆటగాడు స్వతంత్రుడైనచో న్యూయార్కు పోవును, అధిక ధనము వానికి దక్కును. ఆటగాడు కట్టుబడియున్నచో చిన్న నగరపు యజమాని వానిని న్యూయార్కునకు అమ్మును, అధిక ధనము ఆ యజమానికి దక్కును. రెండు విధములను మనిషి చేరునది న్యూయార్కే. మాఱునది ధనము చేరు చేయి మాత్రమే. పుస్తకములలో లెక్కలు వేయువారి ఊహయని త్రోసివేయుటకు వీలులేకుండ, రూత్, గ్రోవ్, మారిస్ ప్రయాణములే దీనికి సాక్ష్యములు.

1969 అక్టోబరు 8వ తేదీ తెల్లవాఱుజామున సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు ఉద్యోగి యొకడు కర్ట్ ఫ్లడ్ ఇంటికి ఫోను చేసి, నిన్ను ఫిలడెల్ఫియాకు ఇచ్చివేసితిమని చెప్పెను. ఫ్లడ్ వయస్సు అప్పటికి ముప్పది యొకటి. పండ్రెండేండ్లు ఆ జట్టున ఆడి, దానికి రెండు వరల్డ్ సిరీస్ విజయములలో తోడ్పడి, సెంటర్ ఫీల్డ్‌లో వరుసగా ఏడేండ్లు గోల్డ్ గ్లవ్ బహుమానము పొందినవాడు. జీతము 90,000 డాలర్లు. ఫిలడెల్ఫియావారు అంతకంటె ఎక్కువయే ఇచ్చెదమనిరి. జీతము పెరుగుచున్నది, పోయిన నష్టమేమని ఎందఱో అడిగిరి. వారికి ఆతని గతము తెలియదు. పదునెనిమిదవ యేట దక్షిణ రాష్ట్రములలోని చిన్న లీగులలో ఆడుటకు పంపబడినపుడు ఆ నల్లజాతి యువకుడు తెల్లవారితో కలిసి భోజనము చేయుటకు నోచుకొనలేదు. జట్టు బస్సు భోజనశాల యెదుట ఆగినపుడు అతడు వంటింటి వెనుకద్వారమునకు పోవలసివచ్చెడిది. ఒకే దినమున రెండు ఆటలు జరిగిన సందర్భమున, మొదటి ఆట ముగిసిన పిమ్మట అందఱితోపాటు చెమటతో తడిసిన తన దుస్తులను విడిచి కుప్పపై వేయగా, పనివాడు ఒక పొడుగాటి కఱ్ఱతో వాని దుస్తులను మాత్రము ఆ కుప్పనుండి ఏఱి తీసి, నల్లవారి చాకిరేవునకు వేఱుగా పంపెను. తక్కినవారు శుభ్రమైన దుస్తులు తొడిగికొని రెండవ ఆటకు సిద్ధమగుచుండగా, తనవి తిరిగివచ్చువఱకు అతడు దిగంబరుడై కూర్చుండవలసివచ్చెను. అట్టి కాలమును దాటి వచ్చినవానికి, నీ అంగీకారముతో పనిలేకయే నిన్ను వేఱొకనికి ఇచ్చితిమను మాట ఎట్లు వినబడియుండును?

ఆ సంవత్సరము డిసెంబరులో శాన్ హువాన్‌లో జరిగిన ఆటగాండ్ర సంఘపు కార్యవర్గ సమావేశమునకు ఫ్లడ్ స్వయముగా పోయి తన సంకల్పమును తెలిపెను. సంఘాధిపతి మార్విన్ మిల్లర్ అంతకు ముందే అతనిని హెచ్చరించియుండెను: వ్యాజ్యెము ఓడిపోవుటయే ఎక్కువ సంభావ్యము, ఓడిన పిమ్మట ఏ జట్టును నిన్ను దగ్గఱకు రానీయదు, గెలిచినను ఆ ఫలము నీకు దక్కదు. తరువాతి తరమువారికి దక్కునా యని మాత్రము ఫ్లడ్ అడిగెను. దక్కునని మిల్లర్ చెప్పగా అదియే చాలుననెను. సంఘము ఏకగ్రీవముగా అతనికి బాసటయయ్యెను. డిసెంబరు 24వ తేదీన అతడు బేస్‌బాల్ కమిషనర్ బౌయీ కున్‌కు లేఖ వ్రాసెను: పండ్రెండేండ్లు ఈ లీగులలో ఆడిన పిదప, నా యిష్టాయిష్టములతో నిమిత్తము లేక కొనుటకును అమ్ముటకును నేను ఒక వస్తువునని అనుకొనజాలను, ఏ జట్టునైనను విచారించి ఎంచుకొను హక్కు నాకు కలదు అని దాని సారము. మనుష్యుడు వస్తువు కాడనుట నాకును సమ్మతమే, కాని ఈ సందర్భమునకు ఆ సూత్రము ఎట్లు వర్తించునో నాకు తెలియకున్నదని కున్ ప్రత్యుత్తరమిచ్చెను. 90,000 డాలర్లు తీసికొనువాడు బానిస యెట్లగునని టెలివిజన్‌లో అడిగినపుడు, జీతము గొప్పదైనంత మాత్రమున బానిస బానిస కాకపోడని ఫ్లడ్ బదులు చెప్పెను.

1970 వేసవిలో న్యూయార్కున విచారణ జరిగినపుడు, నల్లవారిలో తొలుత ఇరువదవ శతాబ్దపు మహాలీగులలో అడుగిడిన జాకీ రాబిన్సన్ నెరసిన తలతో వచ్చి ఫ్లడ్ పక్షమున సాక్ష్యమిచ్చెను. వెనుకటి తరపు మేటి హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చెను. ఆనాడు ఆడుచున్న ఆటగాండ్రలో ఒక్కడైనను న్యాయస్థానమునకు రాలేదు. తమ ఉద్యోగములు పోవునను భయమును నేను అర్థము చేసికొనగలను. అయినను ఆ శూన్యమైన బల్లలను తలచుకొనినపుడు మనస్సు చివుక్కుమనును. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురుగా చీలి ఫ్లడ్‌కు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. జస్టిస్ బ్లాక్‌మన్ తన తీర్పు మొదట ఎనుబదికి పైగా పూర్వపు ఆటగాండ్ర పేర్లను భక్తితో వల్లించి, 1922 నాటి మినహాయింపు అసంగతమైనదని తానే ఒప్పుకొని, దానిని సవరింపవలసినది శాసనసభయే గాని తాము కామని ముగించెను. తీర్పుతో విభేదించిన జస్టిస్ డగ్లస్, 1953లో ఇదే ప్రశ్నపై తాను యజమానుల పక్షమున చేరినందులకు పశ్చాత్తాపపడుచున్నానని వ్రాసెను. ఫ్లడ్ 1970లో ఆడలేదు. 1971లో వాషింగ్టన్ జట్టుతో పదుమూడు ఆటలాడి, ఇక చేతకాక విదేశములకు వెడలిపోయెను. 1997లో ఏబదితొమ్మిదవ యేట మరణించెను.

న్యాయస్థానము మూసిన ద్వారమును తెఱచినది ఒడంబడికలోని ఒక చిన్న పదబంధము. మార్విన్ మిల్లర్ ఉక్కు కార్మికుల సంఘమున అర్థశాస్త్రవేత్తగా పనిచేసి, 1966లో ఆటగాండ్ర సంఘమునకు నాయకుడై వచ్చినవాడు. అప్పటికి కనీస జీతము 6,000 డాలర్లు. 1947లో అది 5,000. ఇరువదేండ్లలో పెరిగినది ఒక్క వేయి. 1968లో జరిగిన తొలి సమష్టి ఒప్పందమున మిల్లర్ దానిని 10,000 చేయించెను. అంతకంటె ముఖ్యముగా, 1970 ఒప్పందమున ఆటగాండ్ర ఫిర్యాదులను కమిషనర్ గాక నిష్పక్షపాతియగు మధ్యవర్తి విచారింపవలెనను నియమమును సాధించెను. యజమానులు ఆ నియమపు విలువను ఎఱుగరైరి. 1974లో ఓక్లాండ్ అధిపతి చార్లీ ఫిన్లీ తన మేటి పిచర్ క్యాట్‌ఫిష్ హంటర్ జీతములో సగమును, 50,000 డాలర్లను, ఒడంబడిక ప్రకారము బీమా సంస్థకు చెల్లింపకపోగా, మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఒడంబడిక భంగమైనది గనుక హంటర్ స్వతంత్రుడని నిర్ణయించెను. జట్ల ప్రతినిధులు నార్త్ కరొలైనాలోని మాఱుమూల పట్టణమునకు విమానములెక్కి పరుగెత్తిరి. సంవత్సరపు చివరి దినమున హంటర్ యాంకీస్ జట్టుతో ముప్పది లక్షల డాలర్లకు మించిన అయిదేండ్ల ఒప్పందము చేసికొనెను. లక్ష డాలర్ల మనిషి అసలు వెల యెంతయో దేశమునకంతకును ఒక్కసారి తెలియవచ్చెను.

ప్రతి ఆటగాని ఒడంబడికలోను పది (ఏ) అను పరిచ్ఛేదము కలదు. ఆటగాడు క్రొత్త ఒడంబడికపై సంతకము చేయనిచో, జట్టు పాత ఒడంబడికను అవే షరతులపై ఒక సంవత్సరమునకు పొడిగింపవచ్చునని దాని తాత్పర్యము. పొడిగింపబడిన ఒడంబడికలోను అదే పరిచ్ఛేదముండును గనుక, దానిని మరల పొడిగింపవచ్చును, మరల మరల పొడిగింపవచ్చును, మనిషి చేతులు చచ్చుదాక పొడిగింపవచ్చునని యజమానుల వ్యాఖ్యానము. ఒక సంవత్సరమనగా ఒక సంవత్సరమేనని మిల్లర్ వ్యాఖ్యానము. పరీక్షించుటకు సంతకము లేకుండ ఏడాదిపాటు ఆడగల ధీరుడు కావలెను. 1975లో డాడ్జర్స్ పిచర్ ఆండీ మెస్సర్‌స్మిత్, తన సమ్మతి లేనిదే తనను వేఱొకరికి ఇయ్యరాదను షరతును యజమాని ఒప్పుకొననందున, సంతకము చేయక ఆడి పందొమ్మిది ఆటలు గెలిచెను. డేవ్ మెక్‌నాలీ అను ఇంకొక పిచర్ మాంట్రియల్ జట్టునుండి నడుమనే విరమించి మోంటానాలోని తన ఊరు చేరియుండెను. ఈతడును సంతకము చేయనివాడే. మాంట్రియల్ వారు అక్కడికి పోయి, తిరిగి ఆడునో లేదో యనియైన చూడక పెద్ద మొత్తము చూపి సంతకము కోరిరి. ఆడదలచనివాడు ఆ ధనమును తీసికొనుట ధర్మము కాదని మెక్‌నాలీ నిరాకరించెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన సన్నివేశములలో ఇది యొకటి. తనకు ఇక ఏ లాభమును లేని హక్కుకొఱకు ఎదుటనున్న ధనమును కాలదన్నిన ఆ మనిషిని తగినంతగా తలచుకొనువారు నేడు అరుదు.

సైట్జ్ తీర్పు చెప్పుటకు తొందరపడలేదు. మీరే కూర్చుండి రాజీపడుడని ఉభయపక్షములకును మాటిమాటికి నచ్చజెప్పెను. యజమానులు వినలేదు. 1975 డిసెంబరు 23న అతడు తీర్పు నిచ్చెను: ఒక సంవత్సరము ఒక సంవత్సరమే, ఇద్దఱును స్వతంత్రులు. తీర్పు చేతికందిన నిమిషములలోనే యజమానుల ప్రతినిధి జాన్ గహెరిన్, సైట్జ్‌ను ఉద్యోగమునుండి తొలగించు లేఖను అతని చేతికిచ్చెను. యజమానులు ఫెడరల్ న్యాయస్థానములకు పోయి రెండు అంచెలలోను ఓడిరి.

తరువాత వచ్చిన బేరములో మిల్లర్ చూపిన విజ్ఞత గమనింపదగినది. అందఱు ఆటగాండ్రను ఏటేట స్వతంత్రులను చేసి విడిచిపెట్టుడని ఫిన్లీ తోటి యజమానులకు చెప్పెను. ఆ సలహాను యజమానులెక్కడ అంగీకరింతురో యని మిల్లర్ లోలోన బెదరెను. ఏలయన ఒకే చలికాలమున ఆఱువందలమంది విపణికి వచ్చినచో ఎవరికిని వెల పలుకదు, కొలదిమంది వచ్చినచో ప్రతివానికిని పలుకును. యజమానులు ఫిన్లీని ద్వేషించువారు గనుక అతని మాట వినలేదు. 1976 ఒప్పందము ప్రకారము ఆఱేండ్లు మహాలీగులలో ఆడినవాడే స్వతంత్రుడగును; అంతవఱకు జట్టుకు కట్టుబడియే యుండవలెను. నేటికిని అదియే పద్ధతి.

ఆ నిబంధన పోయిన పిమ్మట యజమానులు ప్రవచించిన ప్రళయము రాలేదు. 1978 మొదలు 1987 దాక పదేండ్లలో వరల్డ్ సిరీస్‌ను పది వేర్వేఱు జట్లు గెలిచినవి: యాంకీస్, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలిస్, సెయింట్ లూయిస్, బాల్టిమోర్, డిట్రాయిట్, కాన్సస్ సిటీ, న్యూయార్కు మెట్స్, మిన్నెసోటా. అందు చిన్న నగరములు ఎన్ని యున్నవో చూడుడు. దీనికంతకును స్వాతంత్ర్యమొక్కటే కారణమని చెప్పుట అతిశయోక్తి. అడుగున నున్న జట్టు ముందుగా యువకులను ఎంచుకొను పద్ధతి 1965లో వచ్చినది, దాని ఫలము ఆ కాలమునకు పండినది. నష్టపోయినవారును కలరు. 1972, 73, 74లలో వరుసగా జగజ్జేతలైన ఫిన్లీ జట్టు తన మేటివారిలో అధికులను పోగొట్టుకొని, 1977లో అదే సంవత్సరము పుట్టిన సియాటిల్ జట్టుకంటెను వెనుకబడి తన విభాగమున అట్టడుగున నిలిచెను. అయినను ఇరువది తొమ్మిది పతాకముల యుగమును, పది విజేతల దశాబ్దమును ప్రక్కప్రక్కన నిలిపి చూచువారికి పాత వాదము ఎంత పొల్లో తెలియును.

జీతముల మాట వేఱు. సగటు జీతము 1976లో 51,501 డాలర్లు. 1992లో పది లక్షలు దాటినది. పెరిగిన ఆ ధనము అందఱకును ఒకే విధముగా అందలేదు. ఆఱేండ్లు దాటిన మేటివాడు కోట్లు గడించుచుండగా, అదే దుస్తుల గదిలో అతని ప్రక్కన కూర్చుండు రెండవ యేటివాడు కనీస జీతమునకు సమీపముననే యుండెను. బ్రష్ అయిదు తరగతులు పోయి, సేవాకాలమను క్రొత్త తరగతులు వచ్చినవి. మ్యాట్ బ్లూమ్ అను పరిశోధకుడు 1985 నుండి 1993 వఱకు గల జట్ల జీతములను పరిశీలించి, జీతముల అంతరము నిట్టనిలువుగా నున్న జట్లు ఆటలోను, ఆర్థికముగాను వెనుకబడినవని 1999లో ప్రకటించెను. ఒక జట్టులోని అంతరమునకును, జట్ల నడుమనుండు అంతరమునకును భేదము కలదనుట మనము మఱవరాదు. రెండవదాని మూలము ఆటగాని జేబులో లేదు. దేశవ్యాప్త టెలివిజన్ ధనమును జట్లన్నియు సమానముగా పంచుకొనెను గాని, నగరములోని స్థానిక ప్రసారపు ధనము ఏ జట్టుది ఆ జట్టుదే. 1988 చివర యాంకీస్ జట్టు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కేబుల్ సంస్థతో పండ్రెండేండ్లకు చేసికొన్న ఒప్పందపు విలువ సుమారు 50 కోట్ల డాలర్లు. మిల్వాకీకో, కాన్సస్ సిటీకో అట్టి ధనమెక్కడిది? అసమానత యజమానుల నడుమ నున్నది. దానిని తమలో తాము పంచుకొని సరిచేసికొనుటకు మాఱుగా, వారు ప్రతిసారియు ఆటగాని జీతమువైపు చేయి చాచిరి. 1985 మొదలు మూడు చలికాలములు ఒకరి ఆటగాండ్రను ఒకరు పిలువకుండ రహస్యముగా కుమ్మక్కై, బఫెలో తీర్మానమును నూఱేండ్ల పిమ్మట మరల నడపిరి. పట్టుబడి 28 కోట్ల డాలర్లు పరిహారముగా చెల్లించిరి.

1994లో వారు కోరినది జీతములపై పరిమితి. పరిమితిని ఆటగాండ్రు ఒప్పుకొన్నగాని ధనికులైన జట్లు పేదజట్లకు తమ ఆదాయములో భాగమీయవని చెప్పిరి. చిన్న నగరములను కాపాడుటకే ఇదంతయు ననిరి. ఆటగాండ్రు నిరాకరించి ఆగస్టు 12న సమ్మెకు దిగిరి. ఆ దినమున మహాలీగులన్నిటిలో అగ్రస్థానమున నున్న జట్టు మాంట్రియల్ ఎక్స్‌పోస్: డెబ్బదినాలుగు గెలుపులు, నలువది ఓటములు, జీతముల మొత్తము సుమారు 1 కోటి 90 లక్షల డాలర్లు, అనగా ఆ యేడు అత్యల్పముగా వ్యయపఱచిన జట్లలో ఒకటి. ఫెలిపే ఆలూ శిక్షణలో పెడ్రో మార్టినెజ్, లారీ వాకర్, మార్కిస్ గ్రిసమ్, మోయిసెస్ ఆలూ వంటి యువకులు ఆడిన ఆ జట్టు, ధనికమైన అట్లాంటాకు ఆఱు ఆటల ముందుండెను. ధనము లేనివాడు గెలువలేడను వాదమునకు అంతకంటె సజీవమైన ఖండనము వేఱొకటి లేదు. సెప్టెంబరు 14న, మిల్వాకీ యజమానియు తాత్కాలిక కమిషనరునగు బడ్ సీలిగ్ వరల్డ్ సిరీస్‌ను రద్దుచేసెను. 1904 తరువాత అది జరుగకపోవుట అదే మొదలు. 1995 మార్చి 31న న్యూయార్కు న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ యజమానులపై ఉత్తరువు జారీచేయగా పాత షరతులపై ఆట తిరిగి మొదలయ్యెను. సమ్మెలో ఆదాయము పోగొట్టుకొన్న మాంట్రియల్ యజమానులు ఏప్రిల్ తొలి దినములలోనే కెన్ హిల్‌ను సెయింట్ లూయిస్‌కును, జాన్ వెట్‌లాండ్‌ను యాంకీస్‌కును, గ్రిసమ్‌ను అట్లాంటాకును ఇచ్చివేసిరి. వాకర్‌ను నిలుపుకొను యత్నమైనను చేయక కొలరాడోకు పోనిచ్చిరి. ఆ శరత్కాలమున అట్లాంటా వరల్డ్ సిరీస్ గెలిచినపుడు చివరి బంతిని పట్టినవాడు గ్రిసమ్. మఱుసటి యేడు యాంకీస్ గెలిచినపుడు సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికయినవాడు వెట్‌లాండ్. మాంట్రియల్ మైదానమునకు ప్రేక్షకులు క్రమముగా రామానిరి. 2004తో ఆ నగరమున మహాలీగుల ఆట ముగిసెను. 2005లో జట్టు వాషింగ్టన్ చేరెను.

(సశేషము)